మీకు తెలుసా? విమానం ఆ దారినే ఎందుకు వెళుతుంది

విమానంలో సీటు ముందు చిన్న తెర ఉంటుంది కదా, అందులో పటం కూడా వస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో, లండన్‌లో చదువుతున్న మనవరాలి దగ్గరికో వెళ్లే పెద్దవాళ్లు చాలామంది సినిమాలు పక్కనపెట్టి ఆ పటాన్నే చూస్తూ కూర్చుంటారు. బుల్లి విమానం బొమ్మ, దాని వెనక ఒక గీత. ఆ గీతను కాసేపు గమనించండి. తిన్నగా ఉండదు. ఒకచోట వంగుతుంది, ఒక దేశాన్ని చుట్టుకుని పోతుంది, సముద్రం మీదికి వెళ్లి మళ్లీ నేల మీదికి వస్తుంది. కొన్ని వంపులు ఎదురుగాలిని తప్పించుకోవడానికి, కొన్ని ఉరుముల మబ్బులను తప్పించుకోవడానికి. ఇంకొన్ని, కింద జరుగుతున్న యుద్ధాన్ని తప్పించుకోవడానికి. ఆ మూడో రకం వంపు తిరగాలో వద్దో తేల్చేది ఎవరు? దేన్ని చూసి తేలుస్తారు? ఈసారి ఆ సంగతులు చెప్పుకుందాం.

వెయ్యి అడుగులు

2014 జులై 17. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కౌలాలంపూర్ వెళుతున్న మలేసియా ఎయిర్‌లైన్స్ విమానం ఎంహెచ్‌17 తూర్పు ఉక్రెయిన్ మీద ఉంది. ఎత్తు 33,000 అడుగులు. కింద ఉక్రెయిన్ సైన్యానికీ, రష్యా అండ ఉన్న వేర్పాటువాదులకూ పోరు సాగుతోంది. మూడు రోజుల ముందే, జులై 14న, ఆ ప్రాంతంలో ఉక్రెయిన్ సైనిక రవాణా విమానాన్ని కూల్చేశారు. అదే రోజు ఉక్రెయిన్ ఒక ఆంక్ష పెట్టింది. 32,000 అడుగులకు దిగువన పౌర విమానాలు రాకూడదు. అంతకన్నా పైన యథావిధిగా వెళ్లొచ్చు.

ఎంహెచ్‌17 ఆ హద్దుకు సరిగ్గా వెయ్యి అడుగులు పైన ఉంది. ఏ నియమమూ తప్పలేదు. ముందు మబ్బులు పట్టాయని పైలట్లు కాస్త ఎడమకు జరగడానికి అనుమతి అడిగారు, కంట్రోలర్ ఇచ్చారు. ఇంకాస్త పైకి, 35,000 అడుగులకు వెళ్లగలరా అని కంట్రోలర్ అడిగితే ఇప్పుడు కుదరదన్నారు. రోజూ ప్రతి విమానంలో వినపడే మాటలే ఇవి. ఆ తర్వాత కొద్దిసేపటికి నేల మీది నుంచి వచ్చిన బక్ క్షిపణి కాక్‌పిట్ పక్కన పేలింది. 298 మందిలో ఒక్కరూ మిగల్లేదు. బక్ క్షిపణి 70,000 అడుగుల ఎత్తును కూడా అందుకోగలదు. దాని ముందు 32,000 అయినా 33,000 అయినా ఒకటే.

దీని మీద నెదర్లాండ్స్ భద్రతా మండలి 2015 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. అందులోని రెండు లెక్కలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఆంక్ష పెట్టిన జులై 14 నుంచి 17 వరకు ఆ గగనతలంలో ఎగిరిన సంస్థలు 61, దేశాలు 32. ప్రమాదం జరిగిన ఆ ఒక్కరోజే, దారి పూర్తిగా మూసేలోపు, అక్కడి నుంచి వెళ్లిన విమానాలు 160. ఎంహెచ్‌17 కూలిన సమయానికి అదే సెక్టారులో మరో మూడు పెద్ద విమానాలు ఉన్నాయి. వాటిలో ఒకటి ఢిల్లీ నుంచి బర్మింగ్‌హామ్ వెళుతున్న ఎయిర్ ఇండియా విమానం. అందులో కూర్చున్న వాళ్లకు అప్పుడు ఏమీ తెలియదు. దిగి ఫోన్లు తెరిచాక తెలిసి ఉంటుంది.

ఆ 61 సంస్థలకు ప్రయాణికుల ప్రాణాలంటే లెక్కలేదని కాదు. దారి మూసెయ్యలేదు గనక క్షేమమేనని నమ్మాయి, అంతే. కొరియన్ ఎయిర్, ఏసియానా లాంటి ఏ కొద్ది సంస్థలో కొన్ని నెలల ముందే ఆ ప్రాంతాన్ని తప్పించుకుని తిరగడం మొదలుపెట్టాయి. మిగిలినవాళ్ల నమ్మకమే తప్పని నివేదిక తేల్చింది. దారిని పూర్తిగా మూసేయడానికి ఉక్రెయిన్‌కు తగినంత కారణం ఉందని కూడా చెప్పింది.

ఆకాశం ఎవరిది?

1944 డిసెంబరు 7న షికాగోలో జరిగిన ఒప్పందమే నేటికీ పౌర విమానయానానికి పునాది. అందులో మొట్టమొదటి అధికరణం, ఏ దేశం నేల మీది ఆకాశం మీద సంపూర్ణ అధికారం ఆ దేశానిదే అంటుంది. కాబట్టి దారి మూసే అధికారం కూడా దానిదే. ఐక్యరాజ్యసమితికి చెందిన పౌర విమానయాన సంస్థ ఐకావో సలహా ఇవ్వగలదు, ముప్పును ఎలా అంచనా వేయాలో పుస్తకం వేయగలదు, వేసింది కూడా. ఒక దేశపు ఆకాశాన్ని మాత్రం అది మూయలేదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. యుద్ధంలో మునిగిన దేశమే తన ఆకాశాన్ని తాను మూసుకోవాలి. మూస్తే, మా నేల మా చేతుల్లో లేదని లోకానికి ఒప్పుకున్నట్టు అవుతుంది. పైగా, మీదుగా వెళ్లే విమానాలు సాధారణంగా బరువునూ ఎగిరిన దూరాన్నీ బట్టి రుసుము కడతాయి. మూసిన రోజు నుంచి ఆ రాబడి పోతుంది. 2025 మే నెలలో మనకూ పాకిస్తాన్‌కూ మధ్య డ్రోన్లు ఎగిరిన రాత్రుల్లో, పాకిస్తాన్ తన పౌర గగనతలాన్ని మూయకుండా ప్రయాణికుల విమానాలను అడ్డుపెట్టుకుందని మన సైన్యం విలేకరుల సమావేశంలో ఆరోపించింది. మన వైపు మాత్రం ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలను మూసేశారు. పెళ్లిళ్ల సీజనులో ఎంతమంది ఇబ్బంది పడ్డారో గుర్తుందా? ఇబ్బంది అయింది నిజమే. అయినా మూయడమే సరైన పని.

మిగతా దేశాలు చేయగలిగింది ఒకటుంది. తమ సొంత సంస్థలకు చెప్పుకోవచ్చు. అమెరికా తన విమానాలకు ఫలానా దేశం మీదుగా వెళ్లొద్దని ఏకంగా నిషేధమే పెడుతుంది. యూరప్ భద్రతా ఏజెన్సీ హెచ్చరిక పత్రాలు ఇస్తుంది, అవి సిఫార్సులే. మనకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఉంది. ఇవన్నీ అయ్యాక మిగిలే నిర్ణయం విమాన సంస్థది.

బయలుదేరడానికి మూడు గంటల ముందు

విమాన సంస్థల్లో ఆపరేషన్స్ కంట్రోల్ సెంటర్ అని ఒక పెద్ద హాలు ఉంటుంది. గోడ నిండా తెరలు, తెరల నిండా కదిలే విమానాలు. ఒక్కో బల్ల దగ్గర ఒక డిస్పాచర్. పైలట్ నడిపే దారిని ముందుగా గీసేది ఈయనే. గాలులు చూస్తాడు, బరువు చూస్తాడు, ఎంత ఇంధనం పోయాలో లెక్క కడతాడు. తర్వాత నోటమ్‌లు తెరుస్తాడు. నోటమ్ అంటే ఆయా దేశాలు పైలట్ల కోసం విడుదల చేసే నోటీసు. మొత్తం పెద్దక్షరాలు, కుదించిన మాటలు, అంకెలు. ఒక దూరప్రయాణానికి ఇవి పదుల పేజీలు వస్తాయి. ఫలానా రన్‌వే పక్కన దీపం వెలగడం లేదు, ఫలానా చోట క్రేన్ నిలబెట్టారు అనే నోటీసుల నడుమ, ఫలానా ప్రాంతంలో క్షిపణి ప్రయోగాలు ఉన్నాయి అనే ఒక్క లైను ఉంటుంది. ఆ లైను కంటపడాలి. ఎన్ని వందల ప్రాణాలు ఆ చూపు మీద ఆధారపడి ఉన్నాయో ఆలోచించండి.

ముప్పు ఉన్న దేశం అయితే డిస్పాచర్ ఒక్కడే తేల్చడు. సంస్థలోని భద్రతా విభాగం కూర్చుంటుంది. ప్రభుత్వాల నుంచి వచ్చిన సమాచారం, ఇదే పనిగా నిఘా పెట్టే ప్రైవేటు కంపెనీల నివేదికలు, నిన్న అదే దారిన వెళ్లిన పైలట్లు చెప్పిన మాటలు ముందు పెట్టుకుని ప్రశ్నలు వేసుకుంటారు. కింద ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉంది? అది ఎంత ఎత్తుకు వస్తుంది? దాన్ని పేల్చే వాళ్లకు శిక్షణ ఉందా, లేక నిన్నగాక మొన్న చేతికి వచ్చిందా? అక్కడి సైన్యానికీ పౌర కంట్రోలర్లకూ మధ్య ఫోను మోగుతుందా? ఆ ఆకాశంలో సైనిక విమానాలు కూడా తిరుగుతున్నాయా?

ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. సైనిక విమానాలు తిరుగుతున్నాయంటే వాటిని కూల్చాలని కింద ఎవరో తలెత్తి చూస్తున్నారని అర్థం. ప్రయాణికుల విమానాన్ని కూల్చాలని కోరుకున్నవాళ్లు అరుదు. 2001 అక్టోబరు 4న టెల్ అవీవ్ నుంచి నొవోసిబిర్స్క్ వెళుతున్న సైబీరియా ఎయిర్‌లైన్స్ విమానం నల్ల సముద్రం మీద కూలింది. 78 మంది పోయారు. అప్పుడు యుద్ధమే లేదు, ఉక్రెయిన్ సైనిక విన్యాసాల్లో పేల్చిన క్షిపణి లక్ష్యాన్ని వదిలి దీన్ని పట్టుకుంది. 1988 జులై 3న బందర్ అబ్బాస్ నుంచి దుబాయ్‌కి బయలుదేరిన ఇరాన్ ఎయిర్ విమానాన్ని యుద్ధ విమానమనుకుని అమెరికా నౌక కూల్చింది. 290 మందిలో 10 మంది భారతీయులు. పొరపాటే ఇక్కడ అసలు ముప్పు. శత్రువు ఎవరో లెక్క కడితే చాలదు, తొట్రుపాటు పడే చెయ్యి ఎవరిదో కూడా లెక్క కట్టాలి.

భుజం మీది క్షిపణి

అన్ని క్షిపణులూ బక్ లాంటివి కావు. మనిషి భుజం మీద పెట్టుకుని పేల్చే రకం సుమారు 15,000 అడుగులు దాటి రాదు. అందుకే కొన్ని దేశాల మీదుగా పైన వెళ్లొచ్చు గానీ అక్కడ దిగకూడదు అంటారు. 2003 నవంబరు 22న బాగ్దాద్ నుంచి లేచిన డీహెచ్‌ఎల్ సరుకు విమానం రెక్కకు 8,000 అడుగుల ఎత్తున ఇలాంటి క్షిపణే తగిలింది. హైడ్రాలిక్స్ మొత్తం పోయాయి, అంటే విమానాన్ని తిప్పడానికి కావలసిన సాధనం ఏదీ పనిచేయదు. లోపలున్న ముగ్గురూ రెండు ఇంజన్ల వేగాన్ని మాత్రమే హెచ్చించి తగ్గించి దాన్ని వెనక్కి తిప్పుకొచ్చి, రన్‌వే మీద దించి, ప్రాణాలతో బయటపడ్డారు. విమానయాన చరిత్రలో అంతటి నేర్పు మళ్లీ మళ్లీ కనపడదు.

పైన ఉన్నంతసేపూ సరే, కిందికి రావలసివస్తే?

ముప్పు 20,000 అడుగుల వరకే ఉందనుకుందాం. మనం 36,000 మీద పోతున్నాం. ఇక భయమేమిటి అనిపిస్తుంది. కానీ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే? పైనుంచి ఆక్సిజన్ మాస్కులు ఊడిపడతాయి, పైలట్లు విమానాన్ని కొద్ది నిమిషాల్లో 10,000 అడుగుల దగ్గరికి దించాలి. అక్కడైతేనే మాస్కు లేకుండా ఊపిరి ఆడుతుంది. ఇంజను ఆగినా పాత ఎత్తులో నిలవలేరు. అంటే తప్పించుకున్నామనుకున్న చోటికే విమానం దిగిరాక తప్పదు.

అఫ్గానిస్తాన్ దీనికి మంచి ఉదాహరణ. 2021 ఆగస్టు తర్వాత ఆ ఆకాశంలో దారి చూపే కంట్రోలర్ లేడు. అటుగా వెళ్లే పైలట్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద, నేను ఫలానాచోట ఉన్నాను, ఇంత ఎత్తులో ఉన్నాను, ఇటు పోతున్నాను అని ఒకరికొకరు చెప్పుకుంటూ దాటుతారు. చీకట్లో ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చేవాళ్లు గొంతు వినిపించుకున్నట్టు. 2023లో అమెరికా తన విమానాలకు 32,000 అడుగులకు పైన అయితే వెళ్లొచ్చని చెప్పింది. కింద హిందూకుష్ కొండలు. అత్యవసరమైతే దిగడానికి నమ్మకమైన విమానాశ్రయం లేదు. ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య నిప్పు రాజుకున్న 2024లో మాత్రం చాలా సంస్థలు ఇరాన్‌ను వదిలి ఈ దారినే పట్టాయి. రెండు ముప్పుల్లో ఏది చిన్నది అని తూచి చూడటమే ఈ ఉద్యోగం.

మగదాన్‌లో రెండు రాత్రులు

2023 జూన్ 6. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళుతున్న ఎయిర్ ఇండియా బోయింగ్ 777లో 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఒక ఇంజన్‌లో ఏదో లోపం. పైలట్లు రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దించారు. అది సరైన నిర్ణయం, అందరూ క్షేమం. కానీ అక్కడ క్షేమంగా దిగడం ఒక్కటే సరిపోలేదు. అంతమందికి సరిపడా హోటళ్లు లేవు. కొందరు స్కూలు గదుల్లో నేల మీద పరుపులు వేసుకుని పడుకున్నారు. భాష రాదు. వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు 2022లోనే రష్యా వదిలి వెళ్లిపోయాయి కాబట్టి బయటి కార్డులు పనిచేయవు. సామాను విమానంలోనే ఉండిపోయింది. మరో విమానం వెళ్లి వాళ్లను తీసుకుని బయలుదేరేసరికి జూన్ 8 వచ్చింది.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ సంస్థలకు రష్యా ఆకాశం మూతపడింది. మన సంస్థలకు మూతపడలేదు. దాంతో మనవాళ్లకు దగ్గరి దారి దొరికింది. ఫిన్లాండ్ వాళ్ల ఫిన్‌ఎయిర్ అయితే హెల్సింకి నుంచి టోక్యోకు 9 గంటల్లో వెళ్లేది, ఇప్పుడు 13 గంటలు, ఉత్తర ధ్రువం మీదుగా చుట్టి వెళ్లాలి. ధ్రువం దాటినందుకు ప్రయాణికులకు ఒక సర్టిఫికెట్ కూడా ఇస్తారు. దగ్గరి దారి దొరకడం మంచిదే. కానీ ఆ దారి పొడవునా, ఇక్కడ దిగాల్సివస్తే మన వాళ్ల గతేమిటి అనే ప్రశ్నకు జవాబు ముందే రాసిపెట్టుకోవాలని మగదాన్ నేర్పింది. రెండు ఇంజన్ల విమానం ఏదైనా ఎప్పుడూ ఒక విమానాశ్రయానికి ఇన్ని నిమిషాల దూరంలో ఉండాలనే నియమం ఉంది. ఆ విమానాశ్రయంలో మంచాలు ఎన్ని ఉన్నాయో నియమం అడగదు.

టెహ్రాన్, తెల్లవారి 6 గంటల 12 నిమిషాలు

ఈ ముక్క రాయడం నాకు కష్టంగానే ఉంది. 2020 జనవరి 8. ఇరాన్ అంతకు కొన్ని గంటల ముందే ఇరాక్‌లోని అమెరికా స్థావరాల మీద క్షిపణులు వేసింది. ప్రతిదాడి ఏ క్షణాన్నైనా వస్తుందని దాని రక్షణ దళాలు రాత్రంతా మేలుకుని ఆకాశం వైపు చూస్తున్నాయి. అమెరికా అధికారులు అప్పటికే తమ సంస్థలకు ఇరాన్, ఇరాక్, గల్ఫ్ మీదుగా వెళ్లొద్దని చెప్పేశారు. ఆ మాట అమెరికా విమానాలకే వర్తిస్తుంది. ఇరాన్ మాత్రం టెహ్రాన్ విమానాశ్రయాన్ని తెరిచే ఉంచింది.

కీవ్ వెళ్లాల్సిన ఉక్రెయిన్ ఇంటర్నేషనల్ విమానం పీఎస్‌752లో బరువు ఎక్కువైందని కెప్టెన్ కొంత సామాను దింపించారు. దాదాపు గంట ఆలస్యమైంది. 6:12కు విమానం లేచింది. మూడు నిమిషాలు తిరక్కుండానే మొదటి క్షిపణి, అర నిమిషంలోపే రెండోది. 176 మంది. అందులో 138 మంది కీవ్ మీదుగా కెనడా వెళ్లాల్సినవాళ్లు, చాలామంది సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళుతున్న విద్యార్థులు, ఉద్యోగులు. సంక్రాంతికి ఊరొచ్చి వెళ్లే మన పిల్లల్లాంటివాళ్లే. కారణం తామేనని ఇరాన్ ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది. రక్షణ దళం వాహనాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి జరిపాక రాడార్ దిక్కును సరిచూసుకోలేదని, దాంతో విమానం ఎటు నుంచి వస్తోందో తప్పుగా కనిపించిందని ఆ దేశం తన నివేదికలో రాసింది. ఆ వివరణను కెనడా అంగీకరించలేదు.

ఆ ఉదయం అంతకుముందు మరికొన్ని విమానాలు అదే రన్‌వే నుంచి లేచి క్షేమంగా వెళ్లిపోయాయి. ముందువాళ్లు వెళ్లారు కదా అన్నది ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన ధైర్యం. చివరి మాట చెప్పే హక్కు అంతర్జాతీయ నియమాల ప్రకారం కెప్టెన్‌దే. నేను వెళ్లను అనవచ్చు. అనాలంటే ఆయన చేతికి సమాచారం అందాలి కదా.

దారి చూపేదే దారి తప్పిస్తే

మన ఫోన్లలో ఉన్న జీపీఎస్‌కూ ఒక కూల్చివేతకూ సంబంధం ఉంది. 1983 సెప్టెంబరు 1న కొరియన్ ఎయిర్‌లైన్స్ విమానం కేఏఎల్‌007 దారి తప్పి సోవియట్ ఆకాశంలోకి వెళ్లింది. సోవియట్ యుద్ధ విమానం దాన్ని కూల్చేసింది, 269 మంది చనిపోయారు. ఆ నెలలోనే, తమ సైన్యం తయారుచేస్తున్న జీపీఎస్ సిద్ధమయ్యాక పౌరులకూ ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. మరుసటి ఏడాదే షికాగో ఒప్పందంలో కొత్త అధికరణం చేర్చారు, ఎగురుతున్న పౌర విమానం మీద ఆయుధం ప్రయోగించకూడదని. అది అమల్లోకి వచ్చింది 1998లో.

ఇప్పుడు ఆ జీపీఎస్‌నే మోసం చేస్తున్నారు. డ్రోన్లను దారి మళ్లించడానికి సైన్యాలు దొంగ సంకేతాలు వదులుతాయి, దాన్నే స్పూఫింగ్ అంటారు. ఆ పరిధిలోకి వెళ్లిన ప్రయాణికుల విమానానికి కూడా తాను ఎక్కడుందో తప్పుగా తెలుస్తుంది. 35,000 అడుగుల మీద నిశ్చింతగా పోతుంటే, నేల దగ్గరపడింది పైకి లాగు అని కాక్‌పిట్‌లో హెచ్చరిక మోగుతుంది. ఇది అబద్ధం అని పైలట్ గుర్తుపట్టాలి. రేపు అదే హెచ్చరిక నిజంగా మోగినప్పుడు అబద్ధమేలే అనుకోకుండానూ ఉండాలి. 2023లో ఇరాక్ మీదుగా వెళుతున్న ఒక బిజినెస్ జెట్ ఇలాగే అనుమతి లేకుండా ఇరాన్‌లోకి వెళ్లబోయి ఆఖరి నిమిషంలో ఆగింది. మన సరిహద్దుల్లో, ముఖ్యంగా అమృత్‌సర్, జమ్ము చుట్టుపక్కల, 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు ఇలాంటి ఘటనలు 465 నమోదయ్యాయని ప్రభుత్వం లోక్‌సభకు చెప్పింది. 2025 డిసెంబరులో పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు రాజ్యసభకు ఇచ్చిన సమాధానంలో ఇలాంటి ఫిర్యాదులు వచ్చిన విమానాశ్రయాల పేర్లున్నాయి. వాటిలో హైదరాబాద్ కూడా ఉంది.

చుట్టుదారి ఖరీదు

2019 ఫిబ్రవరి 27న, బాలాకోట్ దాడి మరునాడు, పాకిస్తాన్ తన ఆకాశాన్ని మూసింది. జులై 16 దాకా పూర్తిగా తెరవలేదు. ఆ జులైలో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం ఎయిర్ ఇండియా నష్టం 491 కోట్ల రూపాయలు, ఇండిగోది 25 కోట్లు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మళ్లీ మన విమానాలకు దారి మూసింది, 30న మనం వాళ్లకు మూశాం. ఇండిగో తన చిన్న విమానాలు అంత చుట్టు తిరగలేవని తాష్కెంట్, అల్మాటీ సర్వీసులు ఆపేసింది. ఎయిర్ ఇండియా ఆ సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ విమానం నిలిపేసింది. దానికి చెప్పిన కారణాల్లో పాకిస్తాన్ దారి మూత ఒకటి. వర్జీనియా, మేరీలాండ్‌లలో ఉన్న మన తెలుగు కుటుంబాల పెద్దవాళ్లు నేరుగా వెళ్లే ఆ విమానం పోగొట్టుకుని, మధ్యలో మారాల్సి వస్తోంది.

చుట్టు తిరిగితే ఇంధనం ఎక్కువ కావాలి. ఆ ఎక్కువ ఇంధనాన్ని మోయడానికి మరికొంత ఇంధనం కావాలి. బరువు సర్దడానికి సరుకు దించాలి, కొన్నిసార్లు సీట్లు ఖాళీగా వదలాలి. పైలట్ల డ్యూటీ గంటలు మించిపోతే అదనపు పైలట్ ఎక్కాలి. యుద్ధ ముప్పు బీమా మామూలు బీమాలో ఉండదు, వేరే పాలసీ. పరిస్థితి మారితే బీమా కంపెనీ ఏడు రోజుల నోటీసుతో దాన్ని రద్దు చేయవచ్చు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అలాగే చేశారు. ఇంత ఒత్తిడి నెత్తిన పెట్టుకుని కూడా చుట్టు తిరుగుదాం అని చెప్పే సంస్థను గౌరవించాలి.

వడగళ్లు ఒకవైపు, హద్దు ఒకవైపు

2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళుతున్న ఇండిగో విమానానికి పఠాన్‌కోట్ దగ్గర వడగళ్ల మేఘం అడ్డొచ్చింది. లోపల 220 మందికి పైగా ఉన్నారు. పాకిస్తాన్ హద్దు వైపు తప్పుకుంటామని అడిగితే మన వాయుసేన కంట్రోల్ ఒప్పుకోలేదు, లాహోర్ కంట్రోల్‌ను అడిగితే వాళ్లూ రావొద్దన్నారు. పైలట్లు మేఘంలోంచే దూసుకుపోయారు. ఒక దశలో నిమిషానికి 8,500 అడుగుల వేగంతో విమానం కిందికి పడింది. ముక్కు చితికిన విమానాన్ని శ్రీనగర్‌లో క్షేమంగా దించారు. దారి మూత అనే మాట ఎంత బరువైనదో ఆ ముక్కు ఫొటో చూస్తే తెలుస్తుంది.

మీరు చేయగలిగింది

2025 జూన్ 23 రాత్రి ఖతర్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది. ఖతర్ అంతకు కాస్త ముందే తన ఆకాశాన్ని మూసింది. దోహా వైపు వస్తున్న 90కి పైగా ఖతర్ ఎయిర్‌వేస్ విమానాలు, 20,000 మందికి పైగా ప్రయాణికులతో, ఎక్కడివక్కడ దారి మళ్లాయి. కొన్ని మన దేశంలోనూ దిగాయి. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ జిల్లాల నుంచి గల్ఫ్‌కు, గల్ఫ్ మీదుగా అమెరికా, యూరప్‌లకు మనవాళ్లు ఎంతమంది తిరుగుతారో మీకు తెలియంది కాదు. ఆ రాత్రి ఎన్ని ఇళ్లలో ఫోన్లు చేతిలో పట్టుకుని కూర్చున్నారో!

ఎంహెచ్‌17 నివేదిక చేసిన సిఫార్సుల్లో ఒకటి మనకు సంబంధించింది. యుద్ధ ప్రాంతాల మీదుగా ఏ దారులు వాడుతున్నారో సంస్థలు ప్రయాణికులకు స్పష్టంగా చెప్పాలన్నది ఆ సిఫార్సు. మన దగ్గర ఇంకా ఎవరూ టికెట్ మీద దారి రాయడం లేదు. అడిగితే కదా రాస్తారు. టికెట్ కొనేటప్పుడు అడగండి, ఈమెయిల్ పెట్టండి. యూరప్ ఏజెన్సీ హెచ్చరికలు ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్నాయి, చదవండి. దారి మళ్లి విమానం ఆలస్యమైతే కౌంటర్‌లో ఉన్న ఆ పిల్లమీద అరవకండి, ఆ నిర్ణయం మీ కోసం తీసుకున్నదే. అమ్మానాన్నలను ఒంటరిగా పంపేటప్పుడు మధ్యలో మారే విమానానికి కనీసం మూడు నాలుగు గంటల తేడా ఉండేలా చూడండి. మీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి. బీపీ, షుగర్ మందులు మూడు రోజులకు సరిపడా చేతి సంచిలోనే ఉంచండి, చెక్-ఇన్ పెట్టెలో కాదు. మగదాన్‌లో దిగినవాళ్ల పెట్టెలు విమానంలోనే ఉండిపోయాయి.